రేడియేషన్ పనిలోకి వెళ్తే పాపకు పెళ్లవుతుందా?

విశాఖ కూర్మన్నపాలెం నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు: "నేను ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మా పాప బీ ఫార్మసీ ఆఖరి సంవత్సరం. కాలేయంలో క్యాన్సర్ గడ్డలకు వాడే రేడియోధార్మిక ప్రొటీన్ గోళాలు తయారుచేసే పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. నేనేమో హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) కోర్సుకు అడ్వాన్స్ కట్టేశాను. రెండిట్లో ఏది మేలు? రేడియేషన్ అంటే ఆడపిల్లకు ముందు ముందు ఇబ్బంది కదా?"

సార్, మీ అసలు ప్రశ్న ఆ చివరి ముక్కే. ముందు ముందు ఇబ్బంది అంటే పెళ్లి, పిల్లలు. ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో, ఆ రెండు మాటలు మాత్రం ఎవరూ రాయరు. సరే, పోలిక తర్వాత, ముందు ఇది తేల్చుకుందాం.

రేడియోఫార్మసీలో, అంటే రేడియోధార్మిక మందులు సిద్ధం చేసే చోట, సీసం, అక్రిలిక్ అడ్డుల వెనక నుంచి పనిచేస్తారు. ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, ఎంత మోతాదు తగిలిందో అందులో లెక్క తేలుతుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భం వచ్చిందని చెప్పాక బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా చూడాలి, దానికి తగ్గట్టు పని మారుస్తారు. పిల్లలు పుట్టకుండా పోయే మోతాదు ఈ పరిమితులకు చాలా చాలా పైన ఉంటుంది. అసలు కరిగిన ఉక్కు మట్టం కొలవడానికి మీ పరిశ్రమలోనూ రేడియోధార్మిక పరికరాలు వాడతారు, మగపిల్లాడు అక్కడ ఉద్యోగానికి వెళ్తే ఈ ప్రశ్న అడిగేవారా? నాకు అనుమానమే.

ఇంతకీ పాప చెప్పే పని ఏమిటో ఎప్పుడైనా కూర్చుని విన్నారా? మనిషి రక్తంలోని ఆల్బుమిన్ ద్రావణాన్ని నూనెలో పోసి బాగా చిలికితే సన్నటి బిందువులవుతుంది, వేడి చేస్తే కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడినట్టు అవి గోళాలుగా గట్టిపడతాయి. వాటిని కడిగి, జల్లెడ పట్టి, దాదాపు 20, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజువి తీసుకుని, రీనియం-188 లాంటి రేడియోధార్మిక ఐసోటోపు అంటిస్తారు. కాలేయంలో గడ్డకు రక్తం ఎక్కువగా హెపాటిక్ ధమని నుంచి అందుతుంది, మంచి కాలేయానికి ఎక్కువగా పోర్టల్ సిర నుంచి. అందుకే సన్నటి గొట్టంతో ఆ ధమనిలోకి వదిలిన గోళాలు చాలావరకు గడ్డలోనే ఇరుక్కుని అక్కడే రేడియేషన్ ఇస్తాయి. రీనియం-188 సగం ఆయుష్షు, అంటే దాని రేడియేషన్ సగానికి పడిపోయే సమయం, 17 గంటలే కాబట్టి తయారుచేసి దాచుకునే సరుకు కాదు. చేయి నెమ్మదిగా ఉన్నా, శుభ్రతలో బద్ధకించినా కుదరదు. మీ పాపకు ల్యాబ్ పని ఇష్టమేనా, రికార్డు బుక్కులో బొమ్మలు మాత్రమే బాగా వేస్తుందా? నేను అడగాలనుకున్న ప్రశ్న ఇది.

ఇక అందరూ ఎగబడుతున్న ఫార్మకోవిజిలెన్స్. ఉద్యోగం చెడ్డదని అనను. మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చదివి, కోడ్ చేసి, డేటాబేస్‌లో ఎక్కించే పని, ఎవరో ఒకరు చేయాల్సిందే. నా అనుమానమల్లా ఆ కోర్సుల మీద. చాలా కంపెనీలు చేరాక తామే శిక్షణ ఇస్తాయి, మరి కొన్ని నెలల సర్టిఫికెట్‌కి అంత ఫీజు ఎందుకు? "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అంటే ఉద్యోగం ఇస్తామని కాదు సార్, రెజ్యూమె పంపిస్తామని. పైగా రిపోర్టు ఎక్కించే మొదటి మెట్టు పనే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేతికి పోతోంది, కొత్తగా చేరేవాళ్లు నిలబడేది సరిగ్గా ఆ మెట్టు మీదే. పాపని అడగకుండా అడ్వాన్స్ కట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు, ఏమనుకోకండి.

పాప దారిలోనూ చిక్కులున్నాయి, దాచను. ఆ ప్రొటీన్ గోళాల చికిత్స ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉంది, ఆసుపత్రుల్లో ఎక్కువగా నడిచేది ఇట్రియం-90 అనే రేడియోధార్మిక ఐసోటోపు ఉన్న గాజు, రెసిన్ గోళాలు. కానీ ఆ చికిత్సకు ముందు, గోళాలు ఊపిరితిత్తులకు ఎంత జారతాయో చూసే టెక్నీషియం (ఇదీ రేడియోధార్మిక పదార్థమే) స్కాన్‌కి వాడేదీ ఆల్బుమిన్ కణాలే, దాన్ని సిద్ధం చేయడం రేడియోఫార్మసీలో మామూలు పని. కాబట్టి ఒక్క మందు మీద కాక మొత్తం రేడియోఫార్మసీ మీద ఆశ పెట్టుకోమనండి. ఉద్యోగాలు తక్కువ, పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. అగనంపూడిలో టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి, అచ్యుతాపురం వైపు బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణం ఉన్నాయి కదా అని ఇంటి నుంచే డ్యూటీకి వెళ్తుందని లెక్కలు వేయకండి. చదువుకి ముంబైయో, చండీగఢో, ఢిల్లీయో వెళ్లాల్సి రావచ్చు. కొన్ని న్యూక్లియర్ మెడిసిన్ ఎమ్మెస్సీలకు బీఎస్సీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ అడుగుతారు, అక్కడ బీ ఫార్మసీ పనికిరాకపోవచ్చు, అప్లికేషన్ ఫీజు కట్టే ముందే నోటిఫికేషన్‌లో అర్హత చూడమనండి.

ఈలోగా ఊళ్లో రేడియోధార్మిక మందు ఎక్కించి పెట్ స్కాన్ తీసే ఏదైనా ఆసుపత్రిలో అనుమతి అడిగి, ఒక పూట పాపని అక్కడి టెక్నాలజిస్టుతో మాట్లాడనివ్వండి. మీరూ వెళ్లండి. అక్కడ పనిచేసే ఆడవాళ్లు కనిపిస్తే పెళ్లి, పిల్లల సంగతి వాళ్లనే అడగండి, మొహమాటం లేకుండా. ఆ అడ్వాన్స్ వెనక్కిస్తారేమో కూడా ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి, బ్యాచ్ మొదలైతే ఇవ్వరు.