అరికాళ్ల మంట సరే, చెప్పు జారినా తెలియకపోతే?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రాత్రి పడుకోగానే అరికాళ్లలో మంటలు, సూదులతో గుచ్చినట్టు పోట్లు. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే కాస్త హాయిగా ఉంటోంది. మొన్న నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియలేదు. నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ ఇచ్చారు. ఇది తగ్గుతుందా డాక్టర్?

జవాబు: అమ్మా, ముందు ఆ వేడినీళ్లు ఇవాళే మానేయండి. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది మంటే కావచ్చు, నన్ను కంగారుపెట్టింది మాత్రం చెప్పు జారిన సంగతి. స్పర్శ తగ్గిన కాలికి నీళ్ల వేడీ సరిగ్గా తెలియదు. బొబ్బలెక్కాక గానీ చూసుకోరు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ పుండు త్వరగా మానదు.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతింటాయి. పాదాలకు వెళ్లే నరాలు బాగా పొడవు కాబట్టి సాధారణంగా అక్కడే మొదలవుతుంది. దెబ్బతిన్న నరం ఏమీ తగలకపోయినా మెదడుకు నొప్పి కబురు పంపుతూనే ఉంటుంది. పైకి పాదం మామూలుగా కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు నమ్మకపోవచ్చు. మీ మంట నిజమే.

అయితే తప్పంతా షుగర్‌దే అనుకోలేం. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే కొందరిలో విటమిన్ బి12 తగ్గుతుంది, అప్పుడూ ఇవే తిమ్మిర్లు వస్తాయి. దీనికి మందు ఉంది. బి12, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. డాక్టర్ మీ పాదాలు చూడకుండానే మందులు రాస్తుంటే, మొహమాటపడకుండా ‘ఒకసారి కాళ్లు చూడండి’ అని అడగండి. కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగు అరికాలికి ఆనించి ‘తెలుస్తోందా?’ అని అడుగుతారు. రెండు నిమిషాల పని.

మామూలు నొప్పి మాత్రలు ఈ మంటకు పెద్దగా పనిచేయవు, పైగా కొన్నింటి వల్ల కిడ్నీలకు చేటు. ప్రీగాబలిన్, డ్యులోక్సెటిన్ లాంటి నరాల నొప్పి మందులు తక్కువ డోసుతో మొదలుపెడతారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మత్తు, కళ్లు తిరగడం ఉంటాయి కాబట్టి రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు జాగ్రత్త. ఇవీ ఒక్కసారిగా ఆపకూడదు. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. మంట మాత్రం చాలామందిలో నిద్రపట్టేంతగా తగ్గుతుంది. షుగర్ అదుపులో ఉంటే నష్టం నెమ్మదిస్తుంది.

రోజూ పడుకునే ముందు అద్దం పెట్టుకుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి, లేదా మీ అబ్బాయిని చూడమనండి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి. గుడికి ఎండ ముదరకముందే వెళ్లి రండి, మధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణలు వద్దు. పాదం మీద పుండు, చీము, నల్లబడటం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. కాలు ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.