ఈకలు పీక్కుంటున్న చిలుకను తిట్టకు తల్లీ

చిరంజీవి బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మిట్టూ ఫొటో రాత్రి చాలాసేపు చూశాను. రొమ్మంతా బోడిగా, అక్కడక్కడా బూడిదరంగు నూగు. తల మీద మాత్రం ఒక్క ఈకా చెదరలేదు. తన ముక్కు తన తలకి అందదు కదా, అంటే మిట్టూ తనే పీక్కుంటోంది. తల కూడా ఊడి ఉంటే పక్కనున్న ఇంకో పక్షి పనో, ఈకల్ని పాడుచేసే వైరస్ జబ్బో అని అనుమానించేదాన్ని. ఈకలు రాల్చుకునే కాలమని షాపులో చెప్పారన్నావు. మిట్టూలాంటి ఆఫ్రికన్ గ్రే జాతి చిలుకలకి అలా రాలేటప్పుడు ఒంటి మీద బోడి మచ్చలు పడవు, కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తాయి.

ముందు డాక్టర్‌కి చూపించు. పక్షుల వైద్యం తెలిసినవాళ్లే కావాలి. నా మొదటి కాకటీల్, అదే ఆ చిన్న జాతి చిలుక, రెక్కల కింద పీక్కుంటుంటే అలవాటన్నారు, నేనూ నమ్మాను. మూడు నెలల తర్వాత రెట్ట పరీక్ష చేయిస్తే కడుపులో జియార్డియా అనే పరాన్నజీవి ఉందని తేలింది. మందు వాడాక మానేసింది. అన్ని రోజులూ అది పడ్డ బాధ తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే రెట్ట, రక్తం రెండూ పరీక్ష చేయించు. పంజరం కమ్మీల మీద జింకు పూత లేచిపోతుంటే అదీ చెప్పు. కొరికి మింగితే విషమే.

పసుపూ కొబ్బరినూనే రాయమని ఎవరైనా అంటే వినకు. నేను రాశాను. జిడ్డుకి ఈకలు అతుక్కుపోయి ఆ పిచ్చిది రాత్రంతా వణికింది. ఈకల మధ్య గాలి నిలిస్తేనే వాటికి వెచ్చదనం.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే దాని రోజు ఎలా గడుస్తోందో చూడాలి. అడవిలో ఈ చిలుకలు గుంపులుగా తిరుగుతూ రోజులో ఎక్కువసేపు తిండి వెతుక్కుంటాయి. మీ ఫ్లాట్‌లో పొద్దున్నే గిన్నె నిండుతుంది, పది నిమిషాల్లో తినేస్తుంది, నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఒంటరిగా ఉంటుంది. ఇక ముక్కుకి పనేముంది? ఉన్నది తన ఈకలే.

కాబట్టి తిండి దాచిపెట్టు. లేత మొక్కజొన్న పొత్తుని పైపొరలు తీయకుండా తీసుకుని, ఆ పొరల మధ్య రెండు బాదం పలుకులు దూర్చి కమ్మీల మధ్య ఇరికించు. పొరలన్నీ చీల్చి, పీచంతా పీకి పలుకు తీసేసరికి అరగంట పడుతుంది. గ్రేలకి కొత్త వస్తువంటే భయం. ఒక్కసారిగా లోపల పెట్టకు, రెండు రోజులు పంజరం బయట కనిపించేలా ఉంచు. జామకొమ్మలు వేసినా ఇష్టంగా బెరడు ఒలుచుకుంటుంది.

పీక్కున్నప్పుడల్లా "వద్దు, వద్దు" అని పరిగెత్తుకు రాకు. పీక్కుంటే అమ్మ వస్తుందని నేర్చుకుంటుంది. బుద్ధిగా ఆడుకుంటున్నప్పుడు వెళ్లి పలకరించు.

వట్టి పొద్దుతిరుగుడు గింజలతో విటమిన్ ఏ అందదు. క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, మునగాకు అలవాటు చెయ్యి. అవకాడో మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు. రాత్రి టీవీ గదిలోంచి తీసి పదీ పన్నెండు గంటలు చీకట్లో పడుకోనివ్వు. ఏసీ గాలికి చర్మం ఎండిపోతుంది, పగటిపూట గోరువెచ్చని నీళ్లు సన్నగా స్ప్రే చెయ్యి. దోమల కాయిల్, అగరొత్తి పొగ ఆ గదిలోకి రానివ్వకు.

కొత్త ఈక కాడలో రక్తం ఉంటుంది. అది విరిగి కారితే కార్న్‌ఫ్లోర్ అద్ది మెత్తగా నొక్కిపట్టు. ఆగకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. చాలాకాలం పీక్కున్న చోట ఈకలు మళ్లీ రాకపోవచ్చు, దానికి మనసు కష్టపెట్టుకోకు. వచ్చేవి కూడా నెలలు పడతాయి.

ఆదివారం వీడియో కాల్ చేస్తాను. పంజరం ఎక్కడ పెట్టావో, అడుగున ఎన్ని ఈకలు పడ్డాయో చూపించు.

ప్రేమతో,
పెద్దమ్మ