గ్రాఫీన్ కొనే ముందు మీ పౌడర్ ఎలా ఆరిందో చూడండి

జిర్కోనియం డైబోరైడ్ అనే, విపరీతమైన వేడిని తట్టుకునే సిరామిక్‌లో 20 శాతం సిలికాన్ కార్బైడ్ కలిపి 1900 డిగ్రీల దగ్గర హాట్ ప్రెస్ చేశానని (అంటే పౌడర్‌ను వేడి చేస్తూ ఒత్తి గట్టి పలకగా మార్చానని), కడ్డీలు తక్కువ లోడ్‌కే పుటుక్కున విరుగుతున్నాయని రాశారు. గ్రాఫీన్ (అతి పల్చని కార్బన్ రేకులు) కలపాలా, విస్కర్లా (వెంట్రుకల్లాంటి సన్నని స్ఫటికాలు), కార్బన్ ఫైబరా అని అడిగారు. ఎం.టెక్ గడువు దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేనూ ఇదే మిశ్రమంతో ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

నా కడ్డీల్లో ఒకటి 600 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటే, దాని పక్కదే 250కి విరిగేది. ఒకే పలక నుంచి కోసినవి! విరిగిన ముఖాలను ఎస్‌ఈఎంలో, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే, పగులు మొదలైన చోటల్లా సిలికాన్ కార్బైడ్ గడ్డకట్టి ఉంది. ఒక్కో గడ్డ 40 మైక్రాన్ల పైమాటే. కారణం చాలా చిన్నది. మిల్లింగ్ (పౌడర్లను ద్రవంలో బంతులతో నూరి కలపడం) అయ్యాక ఆ ముద్దలాంటి ద్రవాన్ని ట్రేలో పోసి రాత్రంతా ఆరబెట్టేవాణ్ణి. డైబోరైడ్ సాంద్రత 6.1, కార్బైడ్‌ది 3.2. బియ్యం గాలించినప్పుడు రాళ్లు అడుగున మిగిలినట్టు బరువైనది కిందికి దిగిపోయి, తేలికైనది పైన పేరుకునేది. రోటరీ ఇవాపొరేటర్‌లో తిప్పుతూ ఆరబెట్టి, జల్లెడ పట్టాక, కొత్తగా ఏమీ కలపకుండానే ఆ 250లు మాయమయ్యాయి.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2000లో నాసా షార్ప్-బీ2 ప్రయోగంలో ఈ జాతి సిరామిక్స్‌తో చేసిన పదునైన అంచు ముక్కలను నిజంగానే క్షిపణి మీద పంపి వెనక్కి తెచ్చుకున్నారు. అవి పగిలాయి. విశ్లేషిస్తే అక్కడా సిలికాన్ కార్బైడ్ గడ్డలు కనిపించాయి.

అసలు కార్బైడ్ ఎందుకు పని చేస్తుందో తెలిస్తే గడ్డలు ఎందుకంత ప్రమాదమో అర్థమవుతుంది. చల్లారేటప్పుడు డైబోరైడ్ ఎక్కువ కుంచించుకుపోతుంది, కార్బైడ్ తక్కువ. ఆ తేడాతో రేణువుల చుట్టూ ఒత్తిడి నిలిచిపోయి, వచ్చే పగులు తిన్నగా పోకుండా వంకర తిరుగుతుంది. పైగా ఆ రేణువులు డైబోరైడ్ గ్రెయిన్లను (లోపలి చిన్న చిన్న స్ఫటికాలను) పెరగనివ్వవు. కానీ రేణువు సుమారు 10 మైక్రాన్లు దాటితే ఆ ఒత్తిడే సొంతంగా పగుళ్లు పుట్టిస్తుంది. రేణువులు సన్నగా, సమంగా ఉంటే ఎంత సాధించవచ్చో 2004లోనే అమెరికాలోని మిస్సోరి-రోలా విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఉత్త డైబోరైడ్ బలం 565 మెగాపాస్కల్స్ ఉంటే, 30 శాతం కార్బైడ్‌తో వెయ్యి దాటింది, టఫ్‌నెస్ (పగులు పాకకుండా అడ్డుకునే గుణం) 3.5 నుంచి 5.3కి చేరింది.

ఇక కలపడం సంగతి. నన్నడిగితే మొదట 2 శాతం బోరాన్ కార్బైడ్ కలపండి. పౌడర్ మీద ఉండే ఆక్సైడ్ పొరను అది తినేస్తుంది. అయితే 1450, 1650 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో కాసేపు ఆపాలి, ఆవిర్లు పోయాకే ఆర్గాన్ వదిలి ఒత్తిడి పెంచాలి. జిర్కోనియా బంతులతో మిల్ చేస్తుంటే మానేయండి, వదిలించుకోవాల్సిన ఆక్సైడ్‌నే మళ్లీ కలుపుతున్నట్టు.

విస్కర్లు మీ 1900 డిగ్రీలకు దెబ్బతింటాయి. మాలిబ్డినం డైసిలిసైడ్ లాంటిది వేసి సింటరింగ్ (పౌడర్ రేణువులు అతుక్కుని గట్టిపడటం) వేడి తగ్గించగలిగితేనే వాటి గురించి ఆలోచించండి. అవి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, మంచి మాస్క్, ఫ్యూమ్ హుడ్ లేకుండా డబ్బా మూత కూడా తీయొద్దు. కార్బన్ ఫైబర్‌తో ముక్క ఒక్కసారిగా పగలదు, ఆ సుగుణం నిజమే. కానీ బలం బాగా పడిపోతుంది. గ్రాఫీన్ రేకులు హాట్ ప్రెస్‌లో అడ్డంగా పడుకుంటాయి కాబట్టి ఒక దిశలో వచ్చిన టఫ్‌నెస్ మరో దిశలో రాదు, పైగా గాలిలో వేడెక్కితే కార్బన్ కాలిపోయి రంధ్రాలు మిగులుతాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు.

ఒక్క మాట, టఫ్‌నెస్‌ను వికర్స్ గుర్తు (వజ్రపు మొనతో నొక్కితే పడే గుంట) మూలల పగుళ్లతో లెక్కిస్తున్నట్టున్నారు. మీలో మీరు పోల్చుకోవడానికి పర్వాలేదు, థీసిస్‌లో మాత్రం గాటు పెట్టిన కడ్డీని విరిచి కొలిచిన విలువే ఇవ్వండి.

అన్నిటికంటే తక్కువ లోడ్‌కు విరిగిన రెండు కడ్డీల ఎస్‌ఈఎం ఫోటోలు, మీరు పౌడర్ ఆరబెట్టిన పద్ధతి ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.