ఏడో దినం తర్వాత దేవుడు ఏం చేస్తున్నాడు?

ప్రశ్న: ఏడో దినాన దేవుడు విశ్రమించాడని ఆదికాండం 2:2లో ఉంది. మరి ఆయన నేటికీ పనిచేస్తున్నాడని క్రైస్తవులు ఏ ఆధారంతో అంటారు? ‘దేవుడు నాతో మాట్లాడాడు’ అని ఎవరైనా చెబితే నమ్మేయడమేనా?

జవాబు: ఆనాటితో పూర్తయింది సృష్టించే పని. సృష్టిని నిలబెట్టే పని ఆగలేదు. బేతెస్ద కోనేరు దగ్గర పనిచేయకూడని విశ్రాంతిదినాన రోగిని బాగుచేశాడని యూదులు తప్పుపట్టినప్పుడు, తన తండ్రి ఇప్పటివరకూ పనిచేస్తూనే ఉన్నాడు, తానూ చేస్తున్నానని యేసు జవాబిచ్చాడు (యోహాను 5:17). కుమారుడైన యేసు తన మాటతో సమస్తాన్నీ నిర్వహిస్తున్నాడని హెబ్రీ 1:3 చెబుతుంది. లోకాన్ని చేసి దాని మానాన వదిలేసిన దేవుడనే వాదం 17, 18 శతాబ్దాల్లో యూరప్‌లో బలంగా వినిపించింది, క్రైస్తవ సంఘాలు ఒప్పుకోలేదు. అయితే ఆ వాదాన్ని నోటితో కాదనే విశ్వాసులు కూడా అద్భుతం జరిగితేనే దేవుడు కదిలాడనుకుంటారు. జబ్బు నయమైతే సంఘంలో లేచి సాక్ష్యం చెబుతారు. ఏ జబ్బూ రాని ఏడాది గురించి ఎవరూ లేచి నిలబడరు. మత్తయి 5:45 ప్రకారం రోజూ ఉదయించే సూర్యుడు, కురిసే వాన కూడా ఆయన పనే.

ఇక రెండో ప్రశ్న. పరిశుద్ధాత్మను ఆర్పవద్దన్న అపొస్తలుడైన పౌలే, ఆ వెంటనే అన్నిటినీ పరీక్షించమన్నాడు (1 థెస్స 5:19-21). ప్రవక్త మాట్లాడితే తక్కినవారు వివేచించాలన్నాడు (1 కొరింథీ 14:29). కాబట్టి ‘దేవుడు చెప్పాడు, ఎదురు ప్రశ్న వేయకండి’ అనే మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. చెప్పింది వాక్యానికి విరుద్ధమైతే అక్కడితో సరి. జరుగుతుందన్నది జరగకపోతే అది దేవుని మాట కాదని ద్వితీయోపదేశకాండం 18:22 తేల్చేసింది. ప్రవచన వరం నేటికీ ఉందా అన్నదానిపై సంఘాల్లో ఏకాభిప్రాయం లేదు. పెంతెకొస్తు సంఘాలు ఉందంటాయి, అపొస్తలుల కాలంతో ఆగిందనే సంఘాలూ ఉన్నాయి. పరీక్ష మాత్రం ఇద్దరికీ తప్పదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఒంటరి వచనాలతోనే. యిర్మీయా 29:11లో తనవి సమాధానకరమైన, అంటే మేలు కోరే ఉద్దేశాలని దేవుడన్న మాట చూసి, రేపటి ఇంటర్వ్యూలో ఉద్యోగం ఖాయమనుకుంటారు. అది సొంత దేశం నుంచి బందీలుగా వెళ్లి బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దాని ముందు వచనంలోనే, వాళ్లు తిరిగి రావడానికి 70 ఏళ్ల గడువు ఉంది. అంటే ఉత్తరం అందుకున్న పెద్దల్లో చాలామంది తిరిగి వెళ్లే రోజు చూడరు. వాళ్లను చేయమన్నది 5 నుంచి 7 వచనాల్లో ఉంది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరగొనిపోయిన పట్టణ క్షేమం కోసమే ప్రార్థించండి. వాగ్దానం ఎత్తుకునే ముందు అధ్యాయమంతా చదవండి.