అడగండి, చెబుతాను: మూడు కిరణాలు కలిస్తే నాలుగోది ఎక్కడిది?

ప్రశ్న: రెండు టార్చిలైట్లు అడ్డంగా వేస్తే ఒకదాని వెలుగులోంచి మరొకటి దూసుకుపోతుంది, ఏమీ కాదు. మరి మూడు లేజర్ కిరణాలు కలిసినచోట నాలుగోది పుడుతుందని, దాన్ని ఫోర్‌వేవ్ మిక్సింగ్ అంటారని చదివాను. ఇదెలా? ఎందుకు పనికొస్తుంది? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: టార్చిలైట్ల సంగతి మీరన్నట్టే. కాంతి పదార్థంలోకి వెళ్తే దాని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను ఊపుతుంది. క్షేత్రం చిన్నదైతే ఎంత ఊపితే అంతే ఊగుతాయి, అదే పౌనఃపున్యంలో కాంతిని తిరిగిస్తాయి. లేజర్‌ను సన్నటి చుక్కలోకి కేంద్రీకరిస్తే ఈ లెక్క చెదురుతుంది. ఆ ఊపులో క్షేత్రం వర్గానికీ, ఘనానికీ అనుపాతంలో ఉండే భాగాలు తలెత్తుతాయి. గాజు, ద్రవాలు, వాయువుల్లో సౌష్ఠవం వల్ల వర్గం భాగం సున్నా అవుతుంది, ఘనం మిగులుతుంది. ఘనమంటే మూడు క్షేత్రాల లబ్ధం. దానివల్ల ఎలక్ట్రాన్లు కొత్త పౌనఃపున్యాల్లోనూ ఊగుతాయి. వాటిలో మనకు కావలసింది, మొదటి రెండు పౌనఃపున్యాల మొత్తంలోంచి మూడోదాన్ని తీసేస్తే వచ్చేది. అదే నాలుగో తరంగం.

పుట్టినంత మాత్రాన అది కంటికి ఆనదు. దారిపొడవునా పుట్టే కొత్త తరంగాలన్నీ ఒకే దశలో కలవాలి. తాడు పట్టినవాళ్లంతా ఒకే ఊపున లాగితేనే బండ కదిలినట్టు. దీన్నే ఫేజ్ మ్యాచింగ్ అంటాం. నా మటుకు నాకు ఈ విషయానికంతటికీ ఆయువుపట్టు ఇదే.

ప్రయోగశాలలో దీన్ని చూసితీరాలి. ఒకే రంగు కాంతిని మూడు కిరణాలుగా చీల్చి, చతురస్రం మూడు మూలల్లోంచి వెళ్లేలా అమర్చి, ఒకే కటకంతో నమూనా మీద ఒకే చుక్కకు తెస్తాం. మొదటి రెండూ కలిసి పదార్థంలో చారల గ్రేటింగ్ (కాంతిని వంచే సన్నటి గీతల వరస) గీస్తాయి, మూడోది దాన్ని తాకి వంగుతుంది. అవతల కార్డు పెడితే మూడు మూలల్లో మూడు చుక్కలు, ఖాళీగా ఉండాల్సిన నాలుగో మూలలో బలహీనమైన ఒక చుక్క. 800 నానోమీటర్ల కాంతి అయితే ఇన్‌ఫ్రారెడ్ వ్యూయర్‌లోంచి చూడాలి. 100 ఫెమ్టోసెకన్ల పల్స్ (సెకనులో పది లక్షల కోట్లో వంతు సేపు వెలిగే లేజర్ మెరుపు) పొడవు గాలిలో 30 మైక్రాన్లే. కిరణం డిలే స్టేజ్ (జరిపితే కిరణం దారి పొడవు మారే పీఠం) మీది అద్దాల దాకా వెళ్లి వెనక్కి వస్తుంది కాబట్టి, స్టేజ్ 15 మైక్రాన్లు జరిగితే చాలు, పల్స్ తన పొడవంత పక్కకు పోయినట్టే. అందుకే ముందు పల్చటి గాజుపలక పెట్టి మూడు పల్స్‌లూ ఒకేసారి చేరే చోటు వెతుక్కుంటాం, అసలు నమూనా ఆ తర్వాతే. చుక్క నిజమైనదో కాదో తేల్చడానికి ఏదో ఒక కిరణానికి చెయ్యి అడ్డం పెట్టండి. ఏది ఆపినా చుక్క మాయం కావాలి. ఏ ఒక్కదాన్ని ఆపినప్పుడు అది మిగిలిపోయినా, మీరు చూస్తున్నది చెదిరిన కాంతి.

ఆ నాలుగో మూలలో వేరే వెలుగు ఉండదు కాబట్టి అతి చిన్న సంకేతం కూడా దొరుకుతుంది. మూడో పల్స్‌ను కాస్త ఆలస్యంగా పంపుతూ పోతే ఎలక్ట్రాన్లు ఎంతసేపట్లో కుదుటపడతాయో తెలుస్తుంది. 1965లో మేకర్, టెర్‌హ్యూన్ గమనించిన కార్స్ (అణువుల కంపనాలను లేజర్లతో పట్టే పద్ధతి) కూడా ఈ కుటుంబంలోదే. రెండు లేజర్ల పౌనఃపున్యాల తేడా ఒక అణుబంధం కంపనంతో సరిపోతే సంకేతం ఎగసిపడుతుంది. ఈ పద్ధతిలో కణాల్లోని కొవ్వును ఏ రంగూ వేయకుండానే సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు. క్వాంటం కాంతి శాస్త్రమూ దీనికి రుణపడి ఉంది. 1985లో మొదటిసారి స్క్వీజ్డ్ కాంతి (ఒక గుణంలో క్వాంటం అనిశ్చితిని మామూలు కంటే తగ్గించిన కాంతి) దొరికింది సోడియం పరమాణువుల్లో జరిగిన ఫోర్‌వేవ్ మిక్సింగ్‌తోనే.

ప్రశ్న: మా టెలికాం పాఠంలో ఫోర్‌వేవ్ మిక్సింగ్‌ను ఫైబర్‌కు పట్టిన దోషంగా చెప్పారు. మీరేమో మెచ్చుకుంటారు. ఏది సరి? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: రెండూ సరే. 193.1, 193.2, 193.3 టెరాహెర్ట్జ్‌ల దగ్గర మూడు చానెళ్లు పంపారనుకోండి. మొదటిదీ మూడోదీ కూడి రెండోది తీసేయండి. 193.2 వస్తుంది, అంటే సరిగ్గా మధ్య చానెల్ నెత్తినే పడుతుంది. అక్కడ పడినదాన్ని ఏ ఫిల్టరూ తీయలేదు. మూడు చానెళ్లకు ఇలాంటి కలయికలు 9, ఎనిమిదింటికి 224. డిస్పర్షన్‌ను (రంగును బట్టి కాంతి వేగం మారడాన్ని) 1550 నానోమీటర్ల దగ్గర సున్నా చేసిన ఫైబర్లలో ఇది మరీ విజృంభించింది, ఎందుకంటే అక్కడ తరంగాలన్నీ దశ తప్పకుండా కలిసి నడుస్తాయి. అందుకే తర్వాత కావాలనే కొంచెం డిస్పర్షన్ ఉంచిన ఫైబర్లు తయారుచేశారు. జి.655 అనే అంతర్జాతీయ ఫైబర్ ప్రమాణం ఆ కోవలోదే.

పరిశోధకులకు కావలసింది దీనికి సరిగ్గా తిరగేసినది. వాళ్లు దశ కలపడానికే పాటుపడతారు. 2007లో జర్మనీలో, గార్షింగ్‌లోని మాక్స్ ప్లాంక్ క్వాంటం ఆప్టిక్స్ సంస్థలో ఒక సూక్ష్మ గాజు వలయంలోకి ఒకే లేజర్‌ను పంపితే సమాన దూరాల్లో బోలెడు రంగులు వరసకట్టాయి. దువ్వెన పళ్లలాంటి ఆ వరసే మైక్రోకోంబ్. అలాగే లోపలికి పంపిన లేజర్‌లోని ఫోటాన్లు (కాంతి రేణువులు) రెండు అంతర్ధానమై జంట ఫోటాన్లు పుడితే, ఒకదాన్ని పట్టుకోగానే రెండోది ఉందని తేలిపోతుంది. ఒంటరి ఫోటాన్లు కావలసినవాళ్లకు ఇది గొప్ప ఆధారం.

ప్రశ్న: ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను, ఈ రంగంలోకి రావాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మూడో స్థాయి ససెప్టిబిలిటీకి (పైన చెప్పిన ఘనం భాగం ఎంత బలమైనదో తెలిపే రాశికి) 81 అంశాలున్నాయని చూసి బెదరకండి. గాజు లాంటి ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే) పదార్థంలో స్వతంత్రమైనవి మూడే. ముందు కాగితం మీద వేర్వేరు పౌనఃపున్యాలున్న మూడు కొసైన్లు కూడి, ఘనం చేసి, చేత్తోనే విప్పండి. మూడు పౌనఃపున్యాలూ వేరుగా కలిసే పదం గుణకం, ఒకే పౌనఃపున్యం రెండుసార్లు వచ్చే పదం గుణకానికి రెట్టింపు వస్తుంది. కాంతి శక్తి, క్షేత్రం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి అది నాలుగు రెట్లవుతుంది. పై ఫైబర్‌లోని 9 కలయికల్లో ఏవి బలమైనవో మీకే తెలిసిపోతుంది.