తేట నీటిలోనూ చేపలు ఎందుకు చనిపోతాయి?

మురుగునీటి శుద్ధి కేంద్రం వదిలే నీరు తేటగానే ఉన్నా, అది నదిలో కలిసే చోటికి దిగువన చేపలు చనిపోతున్నాయని రాశారు. నేనైతే మొదట అమ్మోనియాను అనుమానిస్తాను. అది కంటికి కనిపించదు. నీటి పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చేపలకు మరింత విషమవుతుంది. పైగా దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నదిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది: అమ్మోనియా రూపంలోని ఒక గ్రాము నైట్రోజన్‌కు సుమారు 4.6 గ్రాములు. ఆ మార్పు నదిలో కాదు, కేంద్రంలో గాలి పంపే తొట్టెల్లోనే పూర్తి కావాలి.

ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అది ఉండేది తొట్టెలోని బురదలోనే. ఆ బురదను త్వరత్వరగా తీసేస్తే అదీ దానితోపాటే పోతుంది. తొట్టెలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉందా, బురద ఎన్ని రోజులు నిలుస్తోంది, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) సరిపోతోందా అని నిర్వాహకులను అడగండి. ఇవి చెప్పకుండా "నీరు తేటగా ఉంది కదా" అంటే ఒప్పుకోవద్దు.

క్లోరిన్ వాడుతుంటే, నీటిని వదిలే ముందు దాన్ని తొలగిస్తున్నారా అని కూడా కనుక్కోండి. కొద్దిపాటి మిగులు క్లోరిన్ చాలు, చేపలు చనిపోతాయి. నమూనాలను ఎగువన, దిగువన రెండు చోట్లా తెల్లవారుజామునే తీయించండి. నదిలో ఆక్సిజన్ సాధారణంగా అప్పుడే అతి తక్కువగా ఉంటుంది.