భూగర్భ ఆవిరితో టర్బైన్ నడపబోయే మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

బొగ్గు ప్లాంటు నుంచి భూతాప విద్యుత్ కేంద్రానికి మారుతున్నావు. ఆవిరి శుభ్రంగానే వస్తుందన్న ధీమా అక్కడే వదిలేసి రా. బాయిలర్‌కి మనం నీళ్లు శుద్ధి చేసి పంపుతాం. ఇక్కడ భూమి ఏది పంపితే అదే. వేడినీరు, ఆవిరి, సిలికా, ఉప్పు, వాయువులు అన్నీ కలిసే బావిలోంచి పైకొస్తాయి.

సెపరేటర్ ఆ నీటిని కిందకి లాగేశాక, చాలా ప్లాంట్లలో 6-7 బార్ల దగ్గర, సుమారు 160 డిగ్రీల ఆవిరి టర్బైన్‌కి చేరుతుంది. నాజిల్స్‌లో వ్యాకోచించి వేగం పుంజుకుని బ్లేడ్లని తోస్తుంది. రోటార్‌తో పాటే జనరేటర్ తిరుగుతుంది. 50 హెర్ట్జ్ గ్రిడ్‌కి, రెండు ధ్రువాల జనరేటరైతే నిమిషానికి 3000 చుట్లు. ఒత్తిడి తక్కువ కాబట్టి మెగావాట్‌కి గంటకి 7-8 టన్నుల ఆవిరి తాగుతుంది.

నువ్వు కన్నార్పకుండా చూడాల్సింది టర్బైన్‌కి ఆవిరిని హెచ్చించి తగ్గించే గవర్నర్ వాల్వ్ దాటాక, నాజిల్స్‌కి ముందుండే గదిలోని ఒత్తిడి, అంటే స్టీమ్ చెస్ట్ ప్రెషర్. లోడ్ అంతే ఉండి ఈ ప్రెషర్ వారం వారం పెరుగుతోందంటే మొదటి వరస నాజిల్స్‌కి సిలికా పట్టినట్టే. వాల్వ్ పూర్తిగా తెరుచుకునేదాకా లోడ్ తగ్గదు, అందుకే చాలామంది ఆలస్యంగా మేలుకుంటారు. ముందు సెపరేటర్ లెవెల్, స్టీమ్ లైన్ డ్రెయిన్లు చూడు. నీటి తుంపర్లు దాటి వస్తున్నది అక్కడినుంచే. ఆ తర్వాతే వాషింగ్: లోడ్ తగ్గించి, ఆక్సిజన్ లేని శుభ్రమైన కండెన్సేట్‌ని (ఆవిరి చల్లబడి మారిన నీటిని) ఆవిరిలోకి కొద్దికొద్దిగా స్ప్రే చెయ్యాలి. వైబ్రేషన్ పెరిగితే ఆపెయ్. తొందరపడి నీళ్లు గుమ్మరిస్తే సిలికా పెచ్చులతో పాటు బ్లేడ్లూ అరిగిపోతాయి.

టర్బైన్ దాటిన ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్‌లో వ్యాక్యూమ్ పడిపోతే కూలింగ్ టవర్‌ని తిట్టేముందు ఉష్ణోగ్రత చూడు. 46 డిగ్రీలకి 0.1 బార్ ఉండటం సహజం. అదే ఉష్ణోగ్రతకి ప్రెషర్ అంతకంటే బాగా ఎక్కువుంటే లోపల వాయువు పేరుకుంది. ఆ వాయువుని బయటకి లాగే ఎజెక్టర్లు, షాఫ్ట్ చుట్టూ గాలి చొరబడకుండా ఆపే గ్లాండ్ సీల్స్ తనిఖీ చెయ్. ఉష్ణోగ్రత, ప్రెషర్ రెండూ కలిసి పెరిగితేనే కూలింగ్ సంగతి.

మెషీన్ ఆపాక ఆవిరిని పూర్తిగా మూసే ఐసొలేషన్ వాల్వ్ లోపలికి కారుతోందేమో చూసుకో. తడి, గాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిస్తే నడుస్తున్నప్పటికంటే వేగంగా తుప్పు పడుతుంది. ఎక్కువ రోజులు ఆగితే వేడి పొడిగాలి పెట్టించు. ఆ వాయువు రిలేల్లోని రాగినీ నల్లబరుస్తుంది, ప్యానెల్ గది తలుపులు తెరిచి ఉంచనివ్వకు.

మోతాదు పెరిగితే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లు వాసన కూడా తెలియకుండా పోతుంది, ముక్కుని నమ్ముకోకు. గ్యాస్ మీటరు జేబులో కాదు, కాలర్ దగ్గర తగిలించుకో.

మీ మామయ్య